గడ్డి నేలను బంజరు అనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీని ఇక్కడ టెక్సాస్‌లో కూర్చుని రోజూ ఫోన్లో చదువుతాను. ఈమధ్య ఒక వార్తలో మా వైపు మెట్టల మీదున్న గడ్డి భూములను "నిరుపయోగంగా పడి ఉన్న బంజరు" అని రాశారు. రాసినవారి మీద నాకు కోపం లేదు. మా ఇంట్లోనూ అలాగే అనేవాళ్లం. కానీ ఆ మాట వెంట ఏమేం పోతాయో రెండు దేశాల్లో కళ్లారా చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనా దయచేసి వేయండి.

నాకు అరవై నాలుగేళ్లు. పుట్టింది నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో. ఇప్పుడు పక్షుల అభయారణ్యం ఉన్న రోళ్లపాడుకు బండి కట్టుకుని పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేవాళ్లం. కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో 2015లో హ్యూస్టన్ పక్కనున్న కేటీకి వచ్చేశాను. కేటీ నుంచి పడమటికి గంటలోపు ప్రయాణంలో ఈగిల్ లేక్ అని చిన్న ఊరు ఉంది. మొదటిసారి అటు వెళ్లినప్పుడు దారి పక్కన వరిమళ్లు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. కారు ఆపించి గట్టు మీద నిలబడ్డాను. ఆ మళ్లు దాటాక వచ్చేదే అట్‌వాటర్ ప్రైరీ చికెన్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం. పదివేల ఎకరాలకు పైగా గడ్డి నేల. నాలుగేళ్లుగా వేసవి మొదట్లో అక్కడికి స్వచ్ఛంద సేవకు వెళుతున్నాను.

ఆ ఆశ్రయం ఏ పక్షి కోసమో ఆ ప్రైరీ చికెన్‌ను నేను గడ్డికోడి అంటాను. మన నాటుకోడి పెట్టకంటే కాస్త చిన్నది, ఒళ్లంతా గోధుమరంగు చారలు. గడ్డిలో కూర్చుంటే రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. ఏప్రిల్‌లో తెల్లవారుజామున పొట్టి గడ్డి ఉన్న తావులో పుంజులు చేరతాయి. మెడకు రెండు పక్కలా నారింజరంగు తిత్తులు ఉబ్బించి, కాళ్లు టపటపా నేలకు కొడుతూ ఒక శబ్దం చేస్తాయి. ఖాళీ కడవ మూతిలో ఊదితే వస్తుందే, ఆ శబ్దం. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఎందుకంటే మా బట్టమేక పిట్ట (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు) మగది కూడా అంతే. మెడ కింద తిత్తి వేలాడదీసి, తోక ఎత్తి, దూరాన ఎవరో మూలిగినట్టు పిలుస్తుంది. చిన్నప్పుడు వానాకాలంలో చేనికి పోతుంటే ఆ పిలుపు వినపడేది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదని ఇక్కడివాళ్లు చెప్పారు. అయినా గడ్డిలో బతికే పక్షి దూరానికి వినపడాలంటే అలాగే పిలవాలి కాబోలు.

1900 ప్రాంతంలో టెక్సాస్, లూసియానా తీరాన అరవై లక్షల ఎకరాల గడ్డి నేలలో ఈ పక్షులు పది లక్షల దాకా ఉండేవట. లూసియానాలో 1919కే అంతరించాయి. టెక్సాస్‌లో 1937 నాటికి తొమ్మిది వేలకు లోపే మిగిలాయి. ఆ గడ్డి నేలలో ఇప్పుడు నూటికి ఒక పాలు కూడా లేదు. కొంత ఇళ్లకు పోయింది, కొంత కార్ఖానాలకు పోయింది, ఇంకొంత నేను ఆగి మురిసిపోయి చూసిన ఆ వరిమళ్లకే పోయింది. రైతు బిడ్డను కాబట్టి ఈ సంగతి తెలిశాక రెండు మూడు రోజులు మనసు మనసులో లేదు. వరి వేసినవాడిది తప్పని నేను అనలేను. ఆ గడ్డికి కూడా ఒక పని ఉందని ఆ రోజుల్లో అతనికి చెప్పినవాళ్లు లేరు. దీని దాయాది హీత్ హెన్ అనే పక్షి తూర్పు తీరంలో ఉండేది. చివరికి ఒకే ఒక్క పుంజు మిగిలి, 1932 తర్వాత అదీ కనిపించలేదు.

గడ్డికోడిని 1967లోనే అంతరించే జాబితాలో చేర్చారు. ఆశ్రయం 1972లో వచ్చింది. అయినా సంఖ్య తగ్గుతూనే పోయింది. 1992లో ఫాసిల్ రిమ్ అనే వన్యప్రాణి కేంద్రంలో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచడం మొదలుపెట్టారు. తర్వాత హ్యూస్టన్ జూ కూడా చేయి కలిపింది. రాకెట్ల మనుషులుండే నాసా ప్రాంగణంలో కొంత చోటు తీసుకుని అక్కడ ఈ కోళ్లను పెంచుతున్నారు. ఏటా వందల పిల్లల్ని తెచ్చి, రెండు వారాలు వలపందిట్లో అలవాటు చేసి, మెడకు రేడియో కట్టి వదులుతారు. వదిలిన కోళ్లు పెద్దవై గూడు కట్టేవి, డజను గుడ్లు పెట్టేవి, పిల్లలూ బయటికి వచ్చేవి. ఆ పిల్లలు మాత్రం రెండు వారాలు దాటేవి కావు. ఏళ్ల తరబడి ఇదే వరస.

మా ఊళ్లో పిట్టల్ని తిరిగి తేవాలనుకునే వాళ్లందరూ ఆ పిల్లలు ఎందుకు పోయాయో వినాలి. వాటికి తిండి లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి రెండు వారాలు దాదాపు పురుగులే తింటుంది. గింజ ముట్టదు. ఆ పురుగుల్ని నిప్పు చీమలు ఖాళీ చేస్తున్నాయి. ఈ చీమలు ఇక్కడివి కావు. 1930ల ప్రాంతంలో దక్షిణ అమెరికా నుంచి ఓడ సరుకుతో అలబామా రేవులో దిగి ఇంతదూరం పాకాయి. నూనె పట్టించిన మొక్కజొన్న నూకలో మందు కలిపి కొంత నేల మీద చల్లి, కొంత చల్లకుండా వదిలేసి చూశారు. చల్లిన చోట పురుగులు పెరిగాయి, పిల్లలూ ఎక్కువగా నిలబడ్డాయి. చెప్పుకుంటే చిన్న సంగతే. దాన్ని తేల్చుకోవడానికి ఎన్ని పిల్లలు పోయాయో.

నా పని ఆ పురుగుల దగ్గరే. గూడు మీదున్న పెట్టకు పిల్లలు కాగానే కొన్నింటిని తల్లితో సహా వలగూట్లోకి తెచ్చి రెండు వారాలు కాపాడతారు. వాటికి రోజూ పురుగులు కావాలి. మంచు ఆరాక, ఎండ ముదరకముందే మేం ఇద్దరు ముగ్గురం గడ్డిలోకి దిగుతాం. చేతిలో గుండ్రటి చట్రానికి కట్టిన తెల్లటి గుడ్డసంచి, దానికి పొడుగాటి కర్ర. వాకిలి ఊడ్చినట్టు గడ్డి కొసల మీద ఎడమకు, కుడికి ఊడుస్తూ నడవాలి. పాతిక అడుగులు వేశాక సంచి నోరు పిడికిట పట్టి విదిలిస్తే అడుగున అన్నీ చేరతాయి. పచ్చ మిడతలు, బియ్యపు గింజంత దీపపు పురుగులు, సాలీళ్లు, గడ్డి విత్తులు. పెద్ద మిడతల కాళ్లు గట్టివి, పిల్లలు మింగలేవు, వాటిని ఏరి వదిలేయాలి. మిగతావి ప్లాస్టిక్ కవర్లోకి వంపి గూటి దగ్గరికి తీసుకెళ్లి వల సందులోంచి దులుపుతాం. నిమ్మకాయంత పిల్లలు గడ్డి మొదళ్లలోంచి పరుగెత్తుకొస్తాయి. ఒకటి మిడతను పట్టుకుని అటు పరుగు, మిగతా నాలుగూ దాని వెనక. తల్లి మాత్రం మెడ నిక్కించి నన్నే చూస్తూ ఉంటుంది. తల్లిగా నాకు ఆ చూపు తెలుసు.

రెండో రోజే ఒక పొరపాటు చేశాను. చూసుకోకుండా చీమల పుట్ట మీద కాలు పెట్టాను. క్షణంలో సాక్సు లోపలికి ఎక్కేశాయి. ఆ మంటకు సంచి విసిరేశాను. ముప్పావు గంట పట్టిన పురుగులన్నీ ఎగిరిపోయాయి. కాలి మీద తెల్లటి పొక్కులు వారం ఉన్నాయి. ఆ వేళ ఆ గూటి పిల్లలకు మేత తక్కువైంది. తర్వాతి సంగతి నేను అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది. అప్పటి నుంచి నేల చూసి గాని అడుగు వేయను.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. మేం మేడ మీద నాలుగు రోజులున్నాం. అప్పటికి ఈ పక్షి పేరు కూడా నాకు తెలియదు. అంతకుముందు ఏడాది పొదిగే కాలంలోనే వరద వచ్చింది, దాని మీద ఈ తుఫాను. బయట గడ్డి నేలలో ఈ పక్షులు డజను దాకా మాత్రమే మిగిలాయని తర్వాత విన్నాను. మళ్లీ గుడ్లు, మళ్లీ పిల్లలు, మళ్లీ చీమల మందు. కొన్నేళ్లకు సంఖ్య నూరు దాటింది. ఇంకా బయటపడ్డట్టు కాదు. గోలియాడ్ వైపు పశువుల రైతులు ఒప్పుకుని తమ సొంత భూముల్లో వదలనిస్తున్నారు. ఆశ్రయంలో కూడా పశువుల్ని మేపనిస్తారు, ఏటా కొంత గడ్డిని పద్ధతిగా కాలుస్తారు. మేపకుండా, కాల్చకుండా వదిలేస్తే ముళ్లపొదలు లేస్తాయి, పొదల్లో ఈ పక్షి ఉండదు. మా ఊరి గొర్రెల కాపరికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు రోళ్లపాడు మాట. మా నాయన మెట్టలో నాలుగెకరాలు గడ్డి ఉండేది. బోద గడ్డి, అక్కడక్కడా చెంగలి. కాలువ నీళ్లు వస్తాయని తెలిశాక దాన్నీ దున్నాడు. నాకు పద్నాలుగేళ్లు. జొన్నకు గుంటక తోలుతుంటే ఎద్దు ముందు కాళ్ల దగ్గర ఒకటే గుడ్డు. గూడూ లేదు, పుల్లా లేదు, వట్టి నేల మీద. కోడిగుడ్డుకంటే పెద్దది, లేత ఆకుపచ్చ మీద గోధుమ మచ్చలు. నాయన ఎద్దుల్ని ఆపి, మంచమంత చోటు వదిలి చుట్టూ దున్నాడు. మేం వారం పాటు గట్టు మీంచి చూశాం. పిట్ట రాలేదు. దానికి కావలసింది మంచమంత చోటు కాదు. మా నాయన మంచివాడు. తనకు తెలిసినంత మేర ధర్మం చేశాడు.

బట్టమేక కోసం 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. మొత్తం ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర, పదిహేను వందల ఎకరాలు. పదివేల ఎకరాలున్నా ఇక్కడ ఇంత కష్టంగా ఉంది. చుట్టూ ఉన్న మెట్టలన్నీ ఒక్కొక్కటిగా సాగులోకి వచ్చాయి. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మా తమ్ముడితో రెండు పొద్దులు తిరిగాను. జింకలు మందలుగా కనిపించాయి. బట్టమేక ఒక్కటీ కనపడలేదు. దేశం మొత్తం మీదే ఈ పక్షులు నూటయాభైకి లోపు, అవీ ఎక్కువగా రాజస్థాన్ ఎడారిలో. అక్కడ జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. మంచి పని, వాళ్లకు దండం పెడతాను. గడ్డికోడి ఏడాదికి డజను గుడ్లు పెడుతుంది, బట్టమేక పెట్టేది ఒకటి. గడ్డికోడి దగ్గర జరిగిన తప్పులు బట్టమేక దగ్గర జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

తమ్ముడితో ఫోన్లో ఇదంతా చెబితే వాడన్నాడు: "అక్కా, నువ్వు పిట్టలంటావు. జింకలు శనగ చేను మేసిపోతే నాకెవరిస్తారు? పిట్ట పేరు చెప్పి మా గొర్రెల్ని తోలేస్తారు, నష్టం అడిగితే కాగితాలు తెమ్మంటారు." వాడు చెప్పింది నిజం. జింకలు మేసిన చేనుకు ఆ పంట కాలంలోనే పరిహారం చేతికి రాకపోతే ఆ ఊళ్లలో ఎవరూ పిట్ట వైపు నిలబడరు. ఇక్కడ మాతో పాటు పనిచేసేవాళ్లలో ఆ చుట్టుపక్కల పిల్లలూ ఉన్నారు, ఆ నేల గురించి వాళ్లే మాకు చెబుతారు. రోళ్లపాడులో కూడా కాపరుల పిల్లల్ని జీతానికి పెట్టుకుంటే ఏ గడ్డిలో ఏ పురుగు ఎప్పుడు పుడుతుందో వాళ్లే చెబుతారు. పిట్ట రాకముందు ఆ లెక్క కావాలి. మందు కొట్టిన శనగ చేల మధ్య మిడతలు ఎన్ని మిగిలాయో ఇప్పుడే చూసుకోవాలి. గడ్డి భూముల్లో వనమహోత్సవం పేరుతో మొక్కలు నాటకుండా అటవీశాఖవారు ఆలోచించాలి. చెట్టు మంచిదే, కానీ బట్టమేకకు ఖాళీ కావాలి.

మీ పత్రికను కోరేది చిన్నదే. ఇకనుంచి ఆ నేలను "గడ్డి భూమి" అని రాయండి. మా తమ్ముడి కాపుదనం, కాపరుల మేత, జింక, తోడేలు, బట్టమేక అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి, అది నిరుపయోగం ఎలా అవుతుంది? వీలైతే ఈ అక్టోబరులో మీ విలేకరిని ఒకరిని రోళ్లపాడుకు పంపండి. తెల్లవారకముందే చేరాలి, ఆరున్నరకల్లా గాలి లేచి ఏమీ వినపడదు. దారి చూపించడానికి మా తమ్ముడు వస్తానన్నాడు.

ఇట్లు,
నందికొట్కూరు ప్రాంతపు ఆడపడుచు,
కేటీ, టెక్సాస్