తర్వాత మార్చలేని భాగాలనే ముందు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో ల్యాప్‌టాప్‌ల మీద వచ్చిన పూర్తి పేజీ ప్రకటన చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో ప్రాసెసర్ పేరు నాలుగు చోట్ల లావుపాటి అక్షరాల్లో ఉంది. తగ్గింపు శాతం అంతకన్నా లావుగా ఉంది. ర్యామ్‌ను, అంటే నడుస్తున్న పనులను పట్టి ఉంచే మెమరీని, తర్వాత పెంచుకునే వీలుందా, బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లది (అంటే ఎంత విద్యుత్తు నిల్వ ఉంచుతుంది), తెర రిజల్యూషన్ ఎంత అన్న ప్రశ్నలకు మాత్రం అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాల్లో కూడా జవాబు దొరకలేదు. పాత యంత్రం మూలపడి, ఇంట్లో నలుగురి పనులూ ఆగిపోయి, ఉన్న కాస్త డబ్బుతోనే వారం తిరక్కుండా మరొకటి కొనాల్సి వచ్చిన కుటుంబానికి ముందుగా తెలియవలసినవి ఆ మూడు సంగతులే. ఈ మధ్యే మేమూ ఆ అవస్థ పడ్డాం కనుక, పడుతూ నేర్చుకున్నది మీ పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మా పాత ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్ ఉందన్న ఒక్క మాటకు మురిసిపోయి తీసుకున్నాం. ఎన్నేళ్లు వాడినా ఆ డిస్క్ నాలుగో వంతు కూడా నిండలేదు. 4 జీబీ ర్యామ్ మాత్రం మూడో ఏటికే చాలకుండా పోయింది. పిల్లల పాఠాలు, నా ఆఫీసు పని, మావారి లెక్కల పట్టికలు అన్నీ దాని మీదే నడిచిన రోజుల్లో, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి పక్కన ఒక వీడియో కాల్ పెడితే చాలు, మౌస్ బాణం ఉన్నచోటే గుడ్లప్పగించి నిలబడిపోయేది. ర్యామ్ పెంచమని తీసుకెళితే, బాగుచేసే అబ్బాయి వెనక మూత విప్పి, మదర్‌బోర్డు మీద వరుసగా అతికించి ఉన్న నాలుగు నల్లని చిప్పులను స్క్రూడ్రైవర్ కొసతో చూపించి, “ఇది ఆన్‌బోర్డ్ మేడం, స్లాట్ లేదు, ఏమీ చేయలేం” అన్నాడు. ఆ హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్, వేయడానికి మాత్రం అతనికి అరగంటే పట్టింది. అంటే ఏ భాగాన్ని చూసి డబ్బు పెట్టామో అది ఎప్పుడైనా మార్చుకోగలిగినది, ఏ భాగాన్ని అసలు పట్టించుకోలేదో అది యంత్రం ఉన్నన్నాళ్లూ మార్చలేనిది. తక్కువ డబ్బుతో కొనేవారు లెక్క వేసుకోవలసిన క్రమం ఇదేనని నాకు అప్పుడు తెలిసింది.

అసలు కొత్తది కావాలా అన్నది మొదట తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే నాలుగైదు నిమిషాలు పడుతూ, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్న గడి ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే ఉంటే, తప్పు చాలావరకు తిరిగే హార్డ్‌డిస్క్‌దే. ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆ యంత్రమే మరికొన్నేళ్లు పనికొస్తుంది. మాకు నాలుగేళ్లు అలాగే గడిచాయి. బ్యాటరీ సంగతి తెలుసుకోవడమూ కష్టం కాదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, ఒక వాలుగీత, దాని వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. మా దాంట్లో డిజైన్ కెపాసిటీ 41,000 మిల్లీవాట్ అవర్లనీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ 12,300 అనీ వచ్చింది. ముప్పై శాతమే మిగిలిందన్నమాట. బ్యాటరీ ఒక్కటే దెబ్బతిన్నదైతే దాన్ని మార్చుకుంటే సరిపోతుంది, ల్యాప్‌టాప్‌ను మార్చనక్కర్లేదు.

మేము మార్చక తప్పకపోవడానికి రెండు కారణాలున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సొంత వాడకందారులు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు మరో ఏడాది అందే ఏర్పాటు ఉన్నా, అది గడువును జరపడమే తప్ప పరిష్కారం కాదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. మాది ఏడో తరం. విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే పాత యంత్రమూ చక్కగా నడుస్తుందని తెలిసినవారు చెప్పారు, బ్రౌజర్‌తో గడిచిపోయే ఇళ్లకు అది మంచి సలహానే. కానీ నా ఆఫీసు వాళ్లు వాడమన్న ప్రోగ్రామ్ విండోస్‌లో తప్ప పనిచేయదు. రెండో కారణం మూత కీలు విరిగిపోవడం, దాని సంగతి కింద చెబుతాను.

ర్యామ్ విషయంలో నా అభిప్రాయం స్థిరపడింది. స్లాట్ ఉన్న యంత్రమైతే ఇప్పటికి 8 జీబీతో సరిపెట్టుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు పెంచుకోవచ్చు. స్లాట్ లేనిదైతే 16 జీబీకి తగ్గకూడదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో తెర మీది బొమ్మలకు కావలసిన మెమరీ కూడా ఈ ర్యామ్ నుంచే పోతుందన్నది చాలామందికి తట్టదు. వివరాల పట్టికలో డీడీఆర్ ముందు ఎల్‌పీ అన్న రెండు అక్షరాలు కనిపిస్తే, అది దాదాపు ఎప్పుడూ మదర్‌బోర్డుకు అతికించేసిన ర్యామే. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన యంత్రం మీదనే దీన్ని సరిచూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ మీద నొక్కితే, ఫార్మ్ ఫ్యాక్టర్ అన్నచోట సోడిమ్ అని ఉంటే అది ఊడదీసి మార్చగలిగినది, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే కాదు. ఎన్ని స్లాట్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని నిండాయో కూడా అక్కడే రాసి ఉంటుంది. నేను అలా చూస్తుంటే సేల్స్‌మన్ కూడా పక్కన నిలబడి ఆసక్తిగా చూశాడు.

స్టోరేజీకి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎస్ఎస్‌డీ అయి ఉండాలి, ఈఎమ్ఎమ్‌సీ అనే చవక రకం నిల్వ చిప్పు కాకూడదు. ఈఎమ్ఎమ్‌సీ నెమ్మది, పైగా అదీ బోర్డుకు అతికించి వచ్చేదే. 256 జీబీ ఇరుకనిపించినా తర్వాత మార్చుకోవచ్చు. 512 జీబీ అని కొన్నది ఇంటికొచ్చాక 476 అని చూపిస్తే మోసపోయామనుకోనవసరం లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది, అంతే. మేము మాత్రం ఆ రాత్రి బిల్లు చేతపట్టుకుని గంటసేపు తర్జనభర్జన పడ్డాం.

ఇక ప్రకటనలన్నీ భజన చేసే ప్రాసెసర్. ఉత్తరాలు, పట్టికలు, వీడియో కాల్స్, చదువు, సినిమాలు, ఇంతటితో ఆగే ఇంటికి గత మూడు నాలుగేళ్లలో వచ్చిన మధ్యరకం ప్రాసెసర్ ఏదైనా సరిపోతుంది. జాగ్రత్తపడవలసింది పేర్లలోని తిరకాసు గురించి. ఉదాహరణకు, ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అన్న రెండు పేర్లూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఆ వరుసలోని నాలుగంకెల నంబరులో మొదటి అంకె విడుదలైన ఏడాదిని మాత్రమే చెబుతుంది, లోపలి నిర్మాణం ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. 7520యూలో ఉన్నవి 2019లో తొలిసారి వచ్చిన జెన్ 2 నిర్మాణపు కోర్‌లు (ప్రాసెసర్ లోపల పని చేసే విభాగాలు), అవీ నాలుగే. 7530యూలో తర్వాతి తరమైన జెన్ 3 కోర్‌లు ఆరున్నాయి. రెంటి పెట్టెల మీదా అదే రైజెన్ 5 ఉంటుంది. ఇంటెల్ కూడా సెలెరాన్, పెంటియమ్ అన్న పాత పేర్లను పక్కన పెట్టి, ఆ అడుగు తరగతి చిప్పులను ఎన్100 వంటి పేర్లతో అమ్ముతోంది. ఒక్కరు బ్రౌజర్ వాడుకోవడానికి అది చాలు కానీ, నలుగురు వంతులేసుకుని వాడే ఇంట్లో ఓపిక త్వరగా నశిస్తుంది. కాబట్టి ఐదా, ఏడా అని కాక, ప్రాసెసర్ పూర్తి నంబరు ఎంతో అడగాలి. గేమ్స్ ఆడేవారు లేకపోతే ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు జోలికే పోనక్కర్లేదు.

నంబర్లలో కనపడనిది ఒళ్లు. మా ల్యాప్‌టాప్ చివరికి పోయింది ప్రాసెసర్ వల్ల కాదు, కీలు వల్ల. చవక రకాల్లో మూత కీలును బిగించే మరలు లోహపు చట్రంలోకి కాక, ప్లాస్టిక్‌లో పొదిగిన గవ్వంత కూడా లేని ఇత్తడి గొట్టాల్లోకి దిగుతాయి. కీలు బిగుసుకున్న కొద్దీ, మూత తెరిచిన ప్రతిసారీ ఆ గొట్టాలు ప్లాస్టిక్‌ను లాగుతుంటాయి. ఒకనాడు మా చిన్నవాడు హడావుడిగా, ఎప్పటిలాగే ఒక మూల పట్టుకుని మూత ఎత్తితే, టప్పున శబ్దమై తెర కింది అంచు విచ్చుకుని, ఒక ఇత్తడి గొట్టం ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడి బల్ల మీద దొర్లింది. వాడిని కోప్పడ్డాను కానీ, తప్పు వాడొక్కడిదీ కాదు. అందుకే ఈసారి దుకాణంలో నేను చూసిన ప్రతి యంత్రాన్నీ మూల పట్టుకునే తెరిచి, తెర ఎంత మెలిపడుతోందో చూశాను. కీబోర్డు మధ్యలో వేలితో అదిమితే గుంటపడేవాటిని అక్కడే వదిలేశాను. అనేక చవక నమూనాల్లో కీబోర్డును దాని చుట్టూ ఉండే పలకకే రివెట్లతో బిగించేస్తారు కనుక, నీళ్లు ఒలికి నాలుగు మీటలు పోయినా ఆ పలకంతా మార్చాలి. తెర సంగతికొస్తే, 1366 బై 768 రిజల్యూషన్ ఇంకా అక్కడక్కడ అమ్ముతున్నారు, వద్దు. 1920 బై 1080, ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్కన కూర్చున్న పిల్లవాడికీ రంగులు మారకుండా కనిపిస్తాయి.

చార్జర్ గురించి ఒక మాట. యూఎస్‌బీ టైప్-సీ ద్వారా చార్జ్ అయ్యేది దొరికితే దాన్నే తీసుకోవడం మేలు. ఒక చార్జర్ ఆఫీసులో మరిచిపోయినా, తీగ తెగినా, అదే సామర్థ్యం ఉన్న మరే చార్జర్‌తోనైనా ఆ పూట గడుస్తుంది. సాధారణంగా 45 లేదా 65 వాట్లు కావాలి, ఫోన్‌తో వచ్చిన చిన్న చార్జర్ చాలదు. ఐరోపా సమాఖ్య 2026 ఏప్రిల్ 28 నుంచి తమ దేశాల్లో అమ్మే కొత్త ల్యాప్‌టాప్‌లకు కూడా టైప్-సీ చార్జింగ్‌ను తప్పనిసరి చేయడం మిగతా మార్కెట్లకూ మేలు చేస్తుందని ఆశిస్తున్నాను.

తీరికలేని ఇంటికి యంత్రం వేగం కన్నా, అది చెడినప్పుడు ఎన్ని రోజులు చేతిలో లేకుండా పోతుందన్నదే పెద్ద ప్రశ్న. మా పాతది ఒకసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఒక విడిభాగం కోసం పంతొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయింది. ఆ పంతొమ్మిది రోజులూ ఇంట్లో అందరి ఫోన్ల మీద పని నడిచింది, అందరి కోపాలూ నా మీద నడిచాయి. వారంటీ ఎన్నేళ్లని అడుగుతాం కానీ, మెకానిక్ ఇంటికొస్తాడా, మనమే మోసుకెళ్లాలా అని అడగం. నా మట్టుకు నేను రెండేళ్ల వారంటీ కన్నా, ఇంటికొచ్చి చేసే ఏడాది వారంటీనే ఎంచుకుంటాను. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే, దాన్ని బాగుచేయడం ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపిస్తున్నారు. విడిభాగాలు దొరుకుతాయా, విప్పడం తేలికేనా అన్నవన్నీ ఆ మార్కుల్లోకి వస్తాయి.

ఇవన్నీ కలిపి చూసుకుని మేము కొత్తది కొనలేదు. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తిరిగిచ్చిన, ఆఫీసు రకం ల్యాప్‌టాప్ ఒకటి రీఫర్బిష్డ్‌గా, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేదిగా, తీసుకున్నాం. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ఈ శ్రేణుల్లో కీళ్లు గట్టివి, కీబోర్డు విడిగా మార్చగలిగినవి ఎక్కువ, విప్పే విధానం చెప్పే పుస్తకాలను తయారీదారులే ఉచితంగా అందుబాటులో ఉంచుతారు. అయితే వీటిలోనూ బాగా పల్చటివాటిలో ర్యామ్ అతికించే వస్తుంది. కొనే ముందు ఎనిమిదో తరం లేదా ఆపైదని నిర్ధారించుకున్నాం, బ్యాటరీ నివేదిక అమ్మేవాడి ఎదుటే తీయించాం, పాత కంపెనీ పెట్టిన తాళం ఏదీ బయోస్‌లో, అంటే యంత్రం ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లో, మిగిలి లేదని చూసుకున్నాం, రాతపూర్వకమైన వారంటీ అడిగి తీసుకున్నాం. మూత మీద రెండు గీతలున్నాయి. పిల్లలకు అది నామోషీగా ఉందట.

ఇక మీకు నా విన్నపం. ప్రకటనలో ఏం రాయాలో ప్రకటనకర్త ఇష్టం, అది నాకు తెలుసు. కానీ మీ సాంకేతిక పేజీలో ప్రతి వారం కొత్త ల్యాప్‌టాప్‌లను పరిచయం చేసే పట్టిక మీ చేతిలోదే. అందులో ఇప్పుడు రంగు, బరువు, మందం ఇస్తున్నారు. వాటి పక్కనే ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ స్లాట్ ఉందో లేదో, బ్యాటరీ వాట్ అవర్లు, వారంటీ ఇంటికొచ్చేదా కాదా అన్న నాలుగు వివరాలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలదంటే రంగు తీసేయండి, అది ఫొటోలో కనిపిస్తూనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు