కిటికీ అంచుల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఎటువంటి కిటికీలు, తలుపులు ఎంచుకోవాలన్న విషయంపై మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. రెండు పలకల గాజు గురించి, ఆ పలకల మధ్య నింపే వాయువు గురించి అందులో చెప్పిన మాటలు సరైనవే. అయితే వ్యాసమంతా గాజు చుట్టూనే తిరిగింది. చట్రం గురించి, చట్రానికీ గోడకూ మధ్య మిగిలే సందు గురించి, రెక్క మూసుకునే చోట ఉండే రబ్బరు పట్టీ గురించి ఒక్క వాక్యానికి మించి లేదు. కొత్త కిటికీలు పెట్టించుకున్నాక కూడా ఒక చలికాలమంతా వణికినవాడిని కనుక ఆ లోటును కొంతైనా పూరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా ఇంట్లో పాత ఒంటి పలక కిటికీలు తీయించి, అల్యూమినియం చట్రంతో రెండు పలకలవి పెట్టించాము. అమ్మినవారు చూపిన కాగితంలో యూ విలువ 1.1 అని ఉంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు మేర నుంచి ఎన్ని వాట్ల వేడి బయటికి పోతుందో చెప్పే అంకె ఇది. ఎంత తక్కువైతే అంత మేలు. ఒంటి పలక గాజుకు ఇది 5.8 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, నష్టం అయిదో వంతుకు తగ్గుతుందని లెక్క వేసుకుని సంతోషించాము. చలి ముదిరిన మొదటి ఉదయం లేచి చూస్తే గాజు మధ్యభాగం శుభ్రంగా, పొడిగా ఉంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం మాత్రం చెమటలు పట్టినట్టు తడిసిపోయి ఉంది. గాజు అడుగు అంచున వరసగా నీటి బొట్లు నిలిచాయి, కిటికీ గట్టు మీద గుడ్డ వేసి ఒత్తితే పిండేటంత నీరు వచ్చింది. నెల తిరిగేసరికి ఆ గట్టు మీది రంగు పొంగి పెచ్చులు లేచింది.

తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, కాగితంలోని 1.1 గాజు నట్టనడుమ వరకే చెల్లుతుంది. సాధారణంగా కిటికీ మొత్తంలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా చట్రమే ఆక్రమిస్తుంది. మధ్యలో వేడిని ఆపే అడ్డు ఏదీ లేని అల్యూమినియం చట్రానికి యూ విలువ 6 దగ్గర ఉంటుంది. కిటికీలో గాజు 70 శాతం, చట్రం 30 శాతం అనుకుంటే 0.77, 1.8 కలిపి మొత్తం 2.57 అవుతుంది, గాజు అంచుల వెంట పోయేది ఇంకా దీనికి అదనం. అదే గాజును 1.6 విలువ గల కర్ర చట్రంలో బిగిస్తే మొత్తం 1.25 దగ్గర ఆగుతుంది. అంటే మా కిటికీ నుంచి పోయే వేడిలో సగానికి పైగా చట్రం గుండానే పోతోందన్నమాట. కాబట్టి కిటికీ కొనేవారు అడగవలసింది మొత్తం కిటికీ యూ విలువ. ఆ అంకె చెప్పడానికి తటపటాయించేవారి దగ్గర కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అల్యూమినియం కర్ర కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని మోసుకుపోగలదు. అంతమాత్రాన దాన్ని పూర్తిగా తోసిపుచ్చనక్కర లేదు. లోపలి ముక్కకూ బయటి ముక్కకూ మధ్య పాలీఅమైడ్ అనే గట్టి ప్లాస్టిక్ పట్టీ పెట్టి రెంటినీ విడదీసిన చట్రాలు దొరుకుతాయి. ఉందో లేదో తెలుసుకోవడానికి చట్రాన్ని అడ్డంగా కోసిన నమూనా ముక్క చూపించమంటే చాలు: రెండు లోహపు భాగాల నడుమ నల్లటి పట్టీ స్పష్టంగా కనిపించాలి. పీవీసీ, కర్ర చట్రాలకు ఈ సమస్య తక్కువ. కర్రకు పోషణ కావాలి, పీవీసీని పెద్ద రెక్కలకు వాడితే లోపల ఉక్కు బద్దీ కావాలి.

నీరు పట్టడం వెనుక ఉన్న లెక్క కూడా సులువైనదే. గదిలో 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే 9 డిగ్రీల కంటే కాస్త చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా ఆవిరి నీరుగా మారుతుంది. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు మా కొత్త గాజు లోపలి ముఖం 17 డిగ్రీల దగ్గర, చట్రం లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. పాత ఒంటి పలక గాజు ముఖం కూడా ఆ 5 డిగ్రీల దగ్గరే ఉండేది. గాజు అడుగున నిలిచిన బొట్ల వరసకు మరో కారణం కూడా ఉంది: రెండు పలకలను దూరంగా పట్టి ఉంచే అంచు కడ్డీ అల్యూమినియంది. వేడిని అంతగా మోయని పదార్థంతో చేసిన కడ్డీలు వచ్చాయి, వాటిని అడిగి తీసుకోవచ్చు. ఇవి కాక రెండు పలకల నడుమ మసక కమ్మి, ఎంత తుడిచినా పోకపోతే పలకల అంచులను గాలి చొరకుండా మూసిన అతుకు తెగిందని అర్థం; అప్పుడు చట్రాన్ని కదపకుండా గాజు జతను మాత్రమే మార్పించుకుంటే సరిపోతుంది.

గాజు విషయంలో మీ వ్యాసకర్త వదిలేసిన ఒకటి రెండు మాటలు. పలకల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. గాలి గానీ ఆర్గాన్ అనే వాయువు గానీ నింపితే 16 మిల్లీమీటర్ల వరకు లాభం. ఆ తరువాత లోపలి వాయువే పైకీ కిందికీ తిరుగుతూ వేడిని ఒక పలక నుంచి మరో పలకకు చేరవేస్తుంది. ఆర్గాన్ కంటే ఎక్కువ పని చేసేది, కంటికి కనిపించనంత పలుచని వెండి పూత. మామూలు గాజు తనలోని వేడిని కిరణాల రూపంలో ధారాళంగా వెదజల్లుతుంది, పూత పూసిన ముఖం ఆ పని దాదాపు మానేస్తుంది. ఈ పూత నిజంగా ఉందో లేదో రాత్రివేళ ఇంట్లోనే చూసుకోవచ్చు. కొవ్వొత్తిని గాజుకు దగ్గరగా పట్టుకుని ఏటవాలుగా చూస్తే రెండు పలకల నాలుగు ముఖాల మీద నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి. పూత ఉంటే వాటిలో ఒకదాని రంగు మిగతా మూడింటికి భిన్నంగా ఉంటుంది. మా కిటికీలు ఈ పరీక్షలో నెగ్గాయని ఒప్పుకోవాలి.

పూతల్లోనూ రకాలున్నాయి. ఎండను ఆపడానికి చేసిన గాజును చలి ప్రాంతంలో వాడితే, చలికాలపు ఎండ ఇచ్చే ఉచితమైన వెచ్చదనం గదిలోకి రాకుండా పోతుంది. ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో సున్నా నుంచి ఒకటి మధ్య అంకెతో సూచిస్తారు. చలికాలంలో ఎండ పడే దిక్కు కిటికీలకు ఆ అంకె ఎక్కువగా ఉండాలి, ఎండ తగలని దిక్కున యూ విలువ ఒక్కటి చూసుకుంటే చాలు. వేసవిలో కూడా బాగా కాసే చోటైతే బయట నీడ ఏర్పాటు తప్పదు.

ఇక తలుపుల సంగతి. గడపకూ తలుపు రెక్కకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంటే ఎవరూ లెక్కచేయరు. 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపుకు అది 27 చదరపు సెంటీమీటర్లు, అంటే అయిదు సెంటీమీటర్ల చదరపు చిల్లు కంటే పెద్దది. అంత చిల్లు గోడకు పడితే ఆ పూటే పూడుస్తాము. గాలి వీచే రోజున వెలిగించిన అగరుబత్తిని తలుపు చుట్టూ, కిటికీ రెక్కల అంచుల వెంట మెల్లగా తిప్పితే పొగ ఎక్కడ అడ్డంగా వంగుతుందో అక్కడే చలిగాలి దూరుతున్నట్టు. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వంగింది గొళ్ళెం దగ్గర. ఒక కాగితం ముక్కను రెక్కకూ చట్రానికీ మధ్య పెట్టి మూసి, దాన్ని లాగి చూడడం మరో పద్ధతి. కాగితం పట్టు లేకుండా జారివస్తే రబ్బరు పట్టీ అరిగిపోయినట్టే. తెరుచుకునే రెక్కను మూసి గొళ్ళెం వేస్తే అది పట్టీని నొక్కి పట్టుకుంటుంది. పక్కకు జరిగే రెక్క పట్టీని రాసుకుంటూ పోతుంది కాబట్టి దానికి ఆ బిగువు రాదు. చోటు సరిపోతే తెరుచుకునే రకమే ఎంచుకోవాలని నేను చెబుతాను. బయటి తలుపు లోపల బోలుగా ఉండకుండా ఫోమ్ నిండి ఉండాలి.

అసలు చలి మాకు ఎక్కడి నుంచి వచ్చిందో చివరికి తేలింది. కిటికీ పక్కన గోడ అంచుకు కొట్టిన బద్దీని ఊడదీసి చూస్తే, చట్రానికీ ఇటుకకూ మధ్య వేలు దూరేటంత సందు ఖాళీగా ఉంది. బయట సిమెంటు పూత, లోపల బద్దీ దాన్ని కప్పేశాయి. ఆ సందు నిండా ఫోమ్ పట్టించి, లోపలి వైపు గాలి చొరబడని పట్టీ అంటించాక ఆ గదిలో తెరలు కదలడం ఆగింది. చట్రం మీద తడి మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉంది, దాన్ని మార్చితే తప్ప పోదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇల్లు బిగుతుగా మూసుకున్నకొద్దీ వంట ఆవిరి, స్నానాల తేమ లోపలే నిలుస్తాయి. గదిలో మంట మండే పొయ్యి గానీ హీటరు గానీ ఉంటే గాలి రాకపోకలకు మార్గం తప్పనిసరి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమవుతుంది. చలిగాలి చొరబడే సందులను మూయాలి గానీ, గాలి కోసం కావాలని పెట్టిన మార్గాలను మూయకూడదు.

ఇకపై ఇటువంటి వ్యాసాలు ప్రచురించేటప్పుడు గాజు అంకె పక్కనే మొత్తం కిటికీ అంకెను కూడా ఇవ్వాలని, వీలైతే చట్రం అడ్డుకోత బొమ్మ ఒకటి వేయాలని మనవి. ఆ బొమ్మ ముందే చూసి ఉంటే మేము వేరే చట్రం కొనేవాళ్ళము.

ఇట్లు,
మీ పాఠకుడు