అక్షరాలా పప్పులో కాలు

సంపాదకుల వారికి,

సవరణ వేస్తారేమోనని పది రోజులు చూశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఆదివారం పిల్లల పేజీలో ‘న్యూక్లియస్ అంటే లాటిన్‌లో కేంద్రం’ అని వేశారు. ఎక్కడిదండీ ఈ లాటిన్? కేంద్రానికి వాళ్ల మాట సెంట్రమ్. (అదీ, మన కేంద్రమూ గ్రీకు నుంచి వచ్చినవే, అది వేరే కథ.) న్యూక్లియస్ పుట్టింది ‘నక్స్’ నుంచి. నక్స్ అంటే పెంకున్న కాయ. పెంకు పగలగొడితే లోపల దొరికేదే న్యూక్లియస్. జీడిపప్పు, బాదంపప్పు అంటామే, ఆ పప్పు. మీరు అక్షరాలా పప్పులోనే కాలేశారు.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కానీ స్కూల్లో క్విజ్ పెడితే మా మనవరాలు ‘గింజలో పప్పు’ అని రాసింది. ఇంటూ పెట్టారు. అడగడానికి వెళ్తే టీచరమ్మ మీ పేపరు కటింగే తీసి చూపించింది. ‘పేపర్లో వేశారు కదండీ!’ ఇంకేం మాట్లాడను?

అర్థం కాస్త అటూఇటూ అయితే మునిగిందేముంది అంటారేమో. 1831లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో కనిపించిన చుక్కకు ఈ పేరు వాడాడు. దానికి కణంలో ఫలానా చోటంటూ లేదని ఆయనే రాశాడు. అంతదూరం ఎందుకు, ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూడండి. చాలా కణాల్లో అది గోడకు ఆనుకునే ఉంటుంది. తెలుగు పాఠంలో దాని పేరు కేంద్రకం కదా, ‘మాస్టారూ, కేంద్రకం మధ్యలో లేదేంటి?’ అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు. 1912లో భౌతికశాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ ఇదే మాటను పరమాణువుకు వాడాడు. అక్కడైతే కేంద్రకం అన్నా సరిపోతుంది.

ఇప్పుడా స్లయిడ్ చూపించేవాళ్లేరీ? నేను పనిచేసిన బడిలో మైక్రోస్కోపు బీరువాలో ఉండేది, తాళంచెవి బదిలీ అయిన గుమాస్తాతో వెళ్లిపోయింది. తనిఖీకొచ్చిన ఆఫీసర్లు రిజిస్టరులో దాని పేరుందా లేదా చూసి సంతకం పెట్టేవారు. ఆ మధ్య ఓ గైడులో ఇదే తప్పు చూసి ఉత్తరం రాస్తే జవాబు లేదు, మరుసటేడు ధర మాత్రం పెరిగింది. టీవీల వాళ్లు న్యూక్లియర్‌ని ‘న్యూకిలర్’ అనే సంగతి ఎత్తితే నాకు బీపీ.

సవరణ వేస్తే ఏ మూలనో చీమతలకాయంత అక్షరాల్లో వేయకండి. తప్పు వేసిన చోటే, అంతే పెద్ద బొమ్మతో వేయండి. మా మనవరాలు కటింగు పట్టుకెళ్లాలి.

– ఒక రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు, తెనాలి