సంఖ్యాకాండంలో దాచిన కాగితం

ఒంగోలు,
ఆదివారం రాత్రి.

బావా,

వందనాలు. మా నాన్న రాసే ఉత్తరాల్లాగా ప్రభువు నామాన్ని స్తుతిస్తూ అరపేజీ నింపి, ఆ తర్వాత విషయంలోకి వద్దామనుకున్నాను. కానీ నువ్వు ఆ అరపేజీ దాటేసి చదువుతావని నాకు తెలుసు. నీ వాయిస్ మెసేజ్‌కి ఫోన్‌లోనే జవాబు చెప్పొచ్చు గానీ, నోటితో అయితే సగం మింగేస్తాను. అందుకే పెన్ను తీశాను.

అక్కడ కువైట్‌లో మూడు నెలలుగా జీతం లేదన్నావు. రూములో వాళ్ళు కాచిన సారా సీసాలు నీ మంచం కింద పెట్టుకోనిస్తే నెలనెలా డబ్బిస్తామన్నారన్నావు. "నేను తాగట్లేదు, అమ్మట్లేదు, మంచం కింద చోటేగా" అన్నావు. చివర్లో "దేవుడు నన్నే ఎందుకిలా శోధిస్తున్నాడురా" అని అడిగావు. ఆ మాట నాలుగుసార్లు విన్నాను. నీకు బుద్ధి చెప్పే ముఖం మాత్రం నాకు లేదు. ఎందుకో చెబుతాను.

మా అమ్మాయి, నీ మేనకోడలు, టీచరు ఉద్యోగానికి 2025 మెగా డీఎస్సీ రాసింది కదా. 16,347 పోస్టులు, ఇంత పెద్ద నోటిఫికేషన్ మళ్ళీ ఎప్పుడొస్తుందో అని ఆ రోజుల్లో ఇంట్లో టీవీ కూడా పెట్టలేదు. కొద్దిలో పోయింది. మన లెక్క నీకు తెలిసిందే, బీసీ-సీ. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన వాళ్ళందరికీ కలిపి ఒక్క శాతం రిజర్వేషన్. అదే పరీక్షలో మా పెదనాన్న మనవడికి ఉద్యోగం వచ్చింది. ఒకే వీధి, ఒకే చర్చి, వీళ్ళిద్దరికీ ముత్తాత ఒకడే. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పెదనాన్న హిందూ అని రాయించాడు, మా నాన్న క్రిస్టియన్ అని రాయించాడు. ఆ ఒక్క మాటకి వాళ్ళు ఎస్సీ, మేము బీసీ. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు అలా వచ్చింది, హిందువులైతేనే ఎస్సీ అని. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మన దాకా రాలేదు. ఊళ్ళో మనల్ని పిలిచే పిలుపు మాత్రం ఏ ఉత్తర్వుకీ మారలేదు. ఇది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. పెదనాన్ననీ తప్పుపట్టను. ఆయన పిల్లల కడుపు చూసుకున్నాడు.

సరే, రిజల్ట్స్ వచ్చిన కొన్నాళ్ళకి ఒకాయన తగిలాడు. "సార్, మీరు తిరిగి హిందూ మతంలోకి వచ్చినట్టు ఒక కాగితం. మీదో సంతకం, అమ్మాయిదో సంతకం. ఎస్సీ సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటా. ఆదివారం చర్చికి వెళ్ళొద్దని ఎవరన్నారు?" ఆ చివరి మాటే నన్ను పట్టేసింది బావా. యేసుని వదిలెయ్యమని నన్నెవరూ అడగలేదు. కాగితం మీద వదిలేసి మనసులో ఉంచుకోమన్నారు, అంతే. అచ్చం నీ మంచం కింద చోటు లాగే. ఇది చట్టప్రకారం కూడా నేరమేనని తెలిసి కూడా ఫారం తెచ్చుకున్నాను.

తెచ్చి బైబిల్లో పెట్టాను. మన ఇళ్ళల్లో కరెంటు బిల్లు, రేషన్ కార్డు, చీటీ లెక్కలు అన్నీ ఉండేది అక్కడేగా. ఎవరూ తెరవని చోటని సంఖ్యాకాండం చూసుకున్నాను. గోత్రాల లెక్కలు ఎవరు చదువుతారు? (జనాభా లెక్కల పుస్తకంలో కులం ఫారం దాచానని తర్వాత తట్టింది.) నీ చెల్లెలు చదువుతుందట. ఈ ఏడాది ఆదికాండం నుంచి వరసగా మొదలుపెట్టి సరిగ్గా అక్కడికి వచ్చింది. చూసింది, మళ్ళీ అక్కడే పెట్టింది, చదువుకుంటూ పోయింది. నాతో ఒక్క మాట అనలేదు.

పోయిన నెల మొదటి ఆదివారం ప్రభువు భోజనపు బల్ల. రొట్టె వచ్చింది, చిన్న గ్లాసుల పళ్ళెం వచ్చింది. నా చెయ్యి లేవలేదు. పక్కాయనకి అందించేశాను. అన్న చనిపోయిన వారం కూడా తీసుకున్నవాణ్ణి నేను. ఆడవాళ్ళ వైపు నుంచి నీ చెల్లెలు చూసింది. ఇంటికొచ్చి అన్నం పెడుతూ, "మీరు కాగితం పెట్టింది పదకొండో అధ్యాయం దగ్గర. ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు గుర్తొచ్చి అక్కడ వాళ్ళు ఏడుస్తుంటారు చూడండి" అంది. వెంటనే పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

చెయ్యి కడుక్కుని ఫారం చింపేశాను. ఇక్కడితో అయిపోతే చర్చిలో సాక్ష్యం చెప్పుకోవచ్చు. నీ కోడలు ఏమందో తెలుసా? "సంతకం పెట్టనని నేనే చెప్పేదాన్ని నాన్నా. కానీ నన్ను అడక్కుండా తెచ్చావు, నన్ను అడక్కుండానే చింపావు. పోయేది నా ఉద్యోగం." రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రెండు రోజులూ ఎందుకో మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర గుర్తొచ్చాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో మనకి విసుగొచ్చేదాకా చెప్పిన కథే. ధాత కరువులో, 1876-78 మధ్య, జనం చచ్చిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి పనీ కూలీ ఇప్పించాడు. బాప్తిస్మం అడిగితే మాత్రం ఇవ్వలేదు. తిండి కోసం క్రైస్తవంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం ఆగేదాకా ఆపాడు. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. మా ముత్తాత తండ్రి ఆ రోజు నీళ్ళలో దిగాడని మా ఇంట్లో చెబుతారు. మన వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారనుకో, అందరినీ కూడితే ఇరవై వేలు దాటుతారు. అప్పట్లో బియ్యం కోసం కలిశారన్నారు. ఇప్పుడు కలిసినందుకే మన బియ్యం పోతోంది.

నాకు ఇప్పుడు ఆ 2,222 కంటే అంతకుముందు వాళ్ళ మీదే ధ్యాస. జాతరలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఆదివారం పనికెళ్ళమన్నారు. వాళ్ళు కాదన్నారు. అందుకు ఊళ్ళో పని పోయింది, నీళ్ళు పోయాయి, దెబ్బలు తిన్నారు. "ఒక్కరోజు డప్పు కొడితే ఏం పోతుంది, మనసులో యేసు ఉన్నాడుగా" అని వాళ్ళతో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

ఇక నీ ప్రశ్న. ఇంగ్లీషులో కష్టానికి ఒక మాట, ఆశపెట్టి లాగడానికి వేరే మాట ఉన్నాయి. మన తెలుగు బైబిల్లో రెండింటికీ శోధనే. గ్రీకులో కూడా ఒకటే మాటని పాస్టరుగారు చెప్పారు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయమే తీసుకో, రెండో వచనంలో నానా విధాల శోధనల్లో పడితే ఆనందించమంటాడు, పదమూడుకి వచ్చేసరికి దేవుడు "ఎవనిని శోధింపడు" అంటాడు. చిన్నప్పుడు ఇదేం గోలరా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు తోచింది ఇది: జీతం రాకపోవడం ఒక శోధన, మంచం కింద సీసాలు ఇంకో శోధన. మొదటిది వచ్చినప్పుడు రెండోది దాని చెయ్యి పట్టుకుని వస్తుంది, మనం రెండూ దేవుడి ఖాతాలో రాసేస్తాం. నాకు డీఎస్సీ పోవడం కష్టం. ఫారం తెచ్చుకున్న కాళ్ళు మాత్రం నావే.

మొదటి కొరింథీ పది పదమూడు నీకు కంఠతా వచ్చు. నేను ఇన్నాళ్ళూ "తప్పించుకొను మార్గము" అన్న మాట పట్టుకునే బతికాను. దాని ముందున్న మాట చూడు, "సహింపగలుగుటకు". అంటే ఆ మార్గంలో వెళ్ళినా జీతం రేపే వచ్చేస్తుందని కాదు.

కాబట్టి ఆ సీసాల సంగతి ఈ రోజే వద్దని చెప్పెయ్. దొరికితే మంచం కింది సరుకు నీదే అవుతుంది, జైలు, ఆ తర్వాత ఇంటికి. కువైట్‌లో మన ఎంబసీలో జీతాల ఫిర్యాదులు తీసుకుంటారు, సిగ్గుపడకుండా వెళ్ళు. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్నార్టీ హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పు. అగ్రిమెంటు, సివిల్ ఐడీ ఫోటోలు తీసి నాకు పంపు. ఈ నెల నా చీటీ పాడేస్తున్నాను, అక్కకి ఇంటి ఖర్చుకి నేనే ఇచ్చి వస్తాను. వద్దని మెసేజ్ పెట్టావో, చూడనట్టు ఊరుకుంటాను.

శుక్రవారం మీ ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్. నీ కోడలు కూడా మాట్లాడుతుంది. ఇప్పుడు నాతో మాట్లాడుతోందిలే. ప్రైవేటు స్కూల్లో చేరింది, సాయంత్రాలు మళ్ళీ పుస్తకాలు తీసింది. ఈసారి దరఖాస్తులో కులం గడి తనే నింపుతుందట, అప్పుడు నన్ను పక్కన కూర్చోవద్దంది.

నీ బావ