పాటను కాదు, టికెట్ ధరను నిలదీయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో పాత రాక్ గాయకుల మీద వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. కోట్లు వెనకేసుకున్న పెద్దమనుషులకు పేదరికం గురించి పాడే అర్హత ఎక్కడిదని మీ రచయిత గట్టిగా అడిగారు. అడగాల్సింది అది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌నే తీసుకోండి. వాళ్ల నాన్న బస్సు నడిపారు, ఫ్యాక్టరీల్లో చేశారు, పని దొరకని రోజులూ చూశారు. 1982లో 'నెబ్రాస్కా' ఆల్బమ్ పాటలను ఆయన న్యూజెర్సీలో తను అద్దెకున్న ఇంటి పడకగదిలో, చిన్న క్యాసెట్ రికార్డర్ ముందు కూర్చుని పాడారు. పైన డబ్బా కూడా లేని ఆ క్యాసెట్‌ను ప్యాంటు జేబులో వేసుకుని వారాల తరబడి తిరిగారు. బ్యాండుతో స్టూడియోలో మళ్లీ పాడి చూస్తే ఆ జీవం రాలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే రికార్డుగా విడుదల చేశారు. అందులో మూతపడ్డ కార్ల ఫ్యాక్టరీ ఉంది, తీర్చలేని అప్పులున్నాయి. 2021 చివర్లో ఆయన తన పాటల హక్కులను సోనీకి అమ్మారు. సుమారు 50 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అయితే ఏమైంది? ఆ డబ్బు చేతికొచ్చినందుకు 1982 నాటి ఆ గొంతు అబద్ధమైపోతుందా? పేదవాడి గోడు పేదవాడే పాడాలని పట్టుబడితే ఆ గోడు వీధి చివరికి కూడా వినబడదు.

నా బాధంతా టికెట్ల దగ్గరే. 2022 జూలైలో ఆయన టూర్ టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు, గిరాకీని బట్టి అప్పటికప్పుడు రేటు పెంచే పద్ధతిలో కొన్ని సీట్లు 5,000 డాలర్ల దాకా పోయాయి. అన్నీ అలా అమ్మలేదు, నిజమే. బ్లాకులో అమ్ముకునేవాళ్లకు పోయే డబ్బు, స్టేజీ మీద మూడు గంటలు చెమటోడ్చేవాళ్లకు వస్తే తప్పేంటని ఆయన అడిగారు. కొంత న్యాయం ఉన్న మాటే. కానీ బ్లాకువాడు 5,000 అడిగితే తిట్టుకుని ఊరుకుంటాం. మన కష్టం పాడినాయనే అడిగితే ఎవరికి చెప్పుకోవాలి? 1980 నుంచి ఆయన కోసమే నడిచిన 'బ్యాక్‌స్ట్రీట్స్' అనే అభిమానుల పత్రిక, ఈ రేట్ల వల్ల మనసు విరిగిపోయిందని చెప్పి 2023 ఫిబ్రవరిలో మూతపడింది. 43 ఏళ్ల పత్రిక! మీ వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

2024 ఆగస్టు 31న బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఒయాసిస్ టికెట్ల విషయంలోనూ ఇదే జరిగింది. జనం గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో కళ్లు కాయలు కాసేలా కూర్చున్నారు. తీరా వాళ్ల వంతు వచ్చేసరికి సుమారు 150 పౌండ్ల స్టాండింగ్ టికెట్ 355 పౌండ్లయి కూర్చుంది. కొనాలా వద్దా తేల్చుకోవడానికి నిమిషాలే టైమ్. ఎంత టెన్షన్! మాంచెస్టర్‌లో కార్మికుల ఇంట్లో పుట్టి పెరిగిన అన్నదమ్ముల బ్యాండ్ అది. రేట్ల సంగతి ప్రమోటర్లు, మేనేజర్లు చూసుకుంటారని చెప్పి చేతులు దులుపుకుంది.

గాయకులు తలుచుకుంటే రేట్లు తగ్గించొచ్చు. 2023లో ద క్యూర్ అనే బ్రిటిష్ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ 20 డాలర్ల నుంచే టికెట్లు పెట్టించారు. దాని మీద ఫీజులు బాదితే ఊరుకోక బహిరంగంగా నిలదీశారు. టికెట్లు అమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ 5, 10 డాలర్ల చొప్పున వెనక్కి ఇచ్చింది. అంతకుముందు 1994లో పెర్ల్ జామ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ ఇదే కంపెనీ మీద అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది, కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది, ఆ ఏడాది వేసవి టూరే వదులుకుంది.

మరి ఆ న్యాయశాఖ ఏం చేసింది? 1995లో విచారణ మూసేసింది. 2010లో ఆ కంపెనీ, కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్‌తో కలవడానికి షరతులు పెట్టి సరేనంది. 2024 మేలో అదే శాఖ, ఇది గుత్తాధిపత్యం అంటూ కోర్టుకెక్కింది. ఒక ఫిర్యాదు అర్థం కావడానికి 30 ఏళ్లా? ఈలోగా రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. అధికారులను ఒక్క మాటైనా అనకుండా, పాడినవాళ్ల బ్యాంకు ఖాతాలు లెక్కపెట్టడం నాకు అన్యాయంగా తోచింది.

నా విన్నపం ఒకటే. ఇకమీదట ఇలాంటి గాయకుల కచేరీ గురించి రాసేటప్పుడు వాళ్ల ఆస్తి ఎంతో వేయకండి. ఆ రాత్రి అన్నిటికన్నా చవక టికెట్ ఎంతకు అమ్మారో, ఖరీదైనది ఎంతకు పోయిందో, ఫీజుల పేరుతో పైన ఎంత గుంజారో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు