తలకి దెబ్బ తగిలినోళ్ళకి డిశ్చార్జి తర్వాత దిక్కెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

జిల్లా పేజీలో రోజూ ఏదో మూల బైక్ యాక్సిడెంట్ వార్త ఉంటుంది, తలకి తీవ్ర గాయం, ప్రాణాపాయం తప్పింది అని రాసి అక్కడితో వదిలేస్తారు. ఆ ఇంట్లోవాళ్ళకి అసలు కష్టం మొదలయ్యేది అప్పుడే సార్, దాని గురించి ఎవరూ రాయట్లేదని ఈ ఉత్తరం.

మా తమ్ముడు బండి మీద నుంచి పడ్డాడు, హెల్మెట్ ఉంది కానీ గడ్డం కింద క్లిప్పు పెట్టుకోలేదు, తల రోడ్డుకి తగిలేలోపే అది ఊడిపోయింది. ఆపరేషన్ చేశారు, బతికాడు, నడుస్తాడు, మాట్లాడతాడు, చూసినోళ్ళందరూ బాగానే ఉన్నాడుగా అంటారు. కానీ పొద్దున టిఫిన్ చేసింది మధ్యాహ్నానికి గుర్తుండదు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి ఇప్పుడు కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేస్తాడు. కావాలనే చేస్తున్నాడేమో అని మా మరదలు ఎంత ఏడ్చిందో, చుట్టాలేమో గాలి సోకింది తాయెత్తు కట్టించండి అన్నారు. డిశ్చార్జి రోజు ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో చెప్పారు గానీ మనిషి ఇలా మారొచ్చని ఒక్కరు చెప్పలేదు.

తర్వాత వేరే న్యూరో డాక్టర్ గారు ఓపిగ్గా చెప్తే అర్థమైంది. మెదడు పుర్రె లోపల ఒక ద్రవంలో తేలుతూ ఉంటుందంట, తల ఠక్కున ఆగినా లోపల మెదడు ఆగదు, వెళ్ళి ఎముకకి కొట్టుకుంటుంది, ఒక్కోసారి దెబ్బ తగిలిన వైపే కాదు అవతలి వైపు కూడా కమిలిపోతుంది. కోపాన్ని ఆపుకోవడం, ముందు ఏం చెయ్యాలో ఆలోచించుకోవడం ఇవన్నీ నుదుటి వెనకున్న భాగం చూసుకుంటుంది, అది దెబ్బతింటే స్వభావమే మారిపోతుంది. సన్నటి నరాల పోగులు సాగి తెగినప్పుడైతే సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు కూడా.

ఇది బైకులోళ్ళ సమస్యే అనుకోకండి. బాత్రూమ్‌లో జారిపడ్డ పెద్దవాళ్ళకి, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి, లోపల మెల్లగా రక్తం చేరి వారాల తర్వాత మతిమరుపు, తూలడం మొదలవుతాయి, మనం వయసైపోయిందిలే అనుకుంటాం, టైముకి చూపిస్తే చాలామందికి ఆపరేషన్‌తో నయమవుతుంది. దెబ్బ తగిలాక వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా కాసేపు పడుకోనీ అని వదలొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

ఇక గవర్నమెంట్ సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, అందులో తలకి దెబ్బ అని విడిగా లేదు. కాలో చెయ్యో పడిపోతే కంటికి కనపడుతుంది, మరి జ్ఞాపకం పోయి ఉద్యోగం చెయ్యలేని మనిషిని వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో ఏ లెక్కలో వేస్తారు? అనంతపురం, చిత్తూరు వాళ్ళు బెంగళూరు నిమ్హాన్స్‌కి పోతారు, అక్కడ దీనికోసం రిహాబిలిటేషన్ విభాగమే ఉంది, మా ఒంగోలు నుంచి కూలి పని మానుకుని ఎన్నిసార్లు పోగలరు చెప్పండి. పిల్లల్లో ఎదుగుదల లోపాల్ని ముందుగానే గుర్తించి వైద్యం చెయ్యడానికి జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే సెంటర్లు పెట్టి స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఉండాలన్నారు, మంచి పని, అలాంటిదే పెద్దవాళ్ళకి కూడా జిల్లా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా పెట్టాలి. డిశ్చార్జప్పుడు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి ఏమేం మారొచ్చో తెలుగులో చెప్పి ఒక కాగితం చేతికివ్వాలి, దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. మీ పేపర్ తరఫున ఆరోగ్య శాఖ వాళ్ళని ఈ రెండూ గట్టిగా అడగండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు