సంతకానికి ముందు ఒక్క పేజీ ఇప్పించండి: పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

చిన్న, మధ్యతరహా సంస్థలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఏ రకం లైసెన్సు తీసుకోవాలో చూసిపెట్టడం నా వృత్తి. వ్యాపారులంతా డిజిటల్ బాట పట్టాలని మీ శాఖ చెబుతోంది, సంతోషమే. కానీ ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పేవాళ్లు వందమంది దొరుకుతారు, దాన్ని ఏ షరతుల మీద కొంటున్నామో చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకరు. ఖర్చు తడిసి మోపెడయ్యేది అక్కడే. అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. వ్యాపార సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రతి సంస్థా, సంతకానికి ముందే, ముఖ్యమైన షరతులన్నీ ఒక్క పేజీలో రాసి కొనేవాళ్ల చేతికివ్వాలని నిబంధన తీసుకురండి.

ఒకప్పుడు ఒకసారి డబ్బు కట్టేస్తే ఆ వెర్షన్‌ని ఎన్నాళ్లయినా వాడుకునేవాళ్లం. ఫొటోలు, డిజైన్ల సాఫ్ట్‌వేర్ అమ్మే అడోబీ, ఒకసారి కొని వాడుకునే క్రియేటివ్ సూట్‌ని 2013లో వదిలి, వాడినన్నాళ్లూ కడుతూ ఉండాల్సిన చందా పద్ధతికి మారింది. బ్రాడ్‌కామ్ అనే సంస్థ 2023 నవంబరులో, సర్వర్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ని కొని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. చందా చెడ్డదని నేను అనను. మొదట్లో పెట్టుబడి తక్కువ, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి, మనుషులు పెరిగినా తగ్గినా సర్దుకోవచ్చు. శాశ్వత లైసెన్సు కూడా ఒక్కసారి ఖర్చుతో పోదు. అప్‌డేట్లకీ, సాయానికీ ఏటా కట్టే మెయింటెనెన్స్ చాలాచోట్ల లైసెన్సు ధరలో ఐదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఐదేళ్లు తిరిగేసరికి ఇంకోసారి కొన్నంత పని. ఏది లాభమో వ్యాపారి తేల్చుకోగలడు. కాకపోతే రెండో ఏడాది, మూడో ఏడాది రేటు ఎంతవుతుందో ముందే తెలియాలి. మొదటి ఏడాది డిస్కౌంటు చూపించి, రెన్యువల్ దగ్గర ధర పెంచితే, అప్పటికి పని మొత్తం ఆ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంటుంది. ఇక పిలక వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇంతకన్నా పెద్ద చిక్కు, దేన్ని లెక్కపెడుతున్నారన్నది. 60 మంది పనిచేసే సంస్థ, మూడు షిఫ్టులు, ఏ సమయంలో చూసినా కంప్యూటర్ల ముందు ఉండేది 20 మందే అనుకోండి. మనిషికో లైసెన్సు అంటే 60 కొనాలి. ఒకేసారి ఎంతమంది లాగిన్ అయితే అన్ని అనే పద్ధతిలో 20 చాలు. ఈ రెండో రకం విడిగా చూస్తే ఖరీదెక్కువే, అయినా ఇలాంటి చోట అదే కలిసొస్తుంది. అందరూ ఒకే వేళ పనిచేసే ఆఫీసుకి మాత్రం లెక్క తిరగబడుతుంది. కొటేషన్‌లో '60 యూజర్లు' అని ఒకే లైను ఉంటుంది. ఇంకో పద్ధతి ఉందన్న సంగతి అడిగితే తప్ప చెప్పరు.

సర్వర్ సాఫ్ట్‌వేర్‌కైతే ప్రాసెసర్ కోర్ల (చిప్‌లో పనిచేసే విభాగాల) లెక్క. మనం వర్చువల్ మెషీన్‌కి, అంటే ఒక సర్వర్‌లో కొంత భాగాన్ని విడదీసి విడి కంప్యూటర్‌లా వాడేదానికి, నాలుగు కోర్లే కేటాయించినా, కొన్ని ఒప్పందాల ప్రకారం అది నడిచే సర్వర్‌లోని కోర్లన్నిటికీ కట్టాలి. ఒరాకిల్ 2023 జనవరిలో జావా (ఎన్నో వ్యాపార ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) చందాని సంస్థలోని మొత్తం ఉద్యోగుల సంఖ్య మీద లెక్కించడం మొదలుపెట్టింది. జావాతో పనిచేసేది నలుగురే అయినా, పార్ట్ టైమ్ వాళ్లూ, సంస్థ పనుల్లో ఉన్న కాంట్రాక్టు సిబ్బందీ లెక్కలోకి వస్తారు. చాలామందికి ఉచితంగా దొరికే జావా రూపాలు, ఓపెన్‌జేడీకే బిల్డులు, సరిపోతాయి, కానీ చిన్న సంస్థకి ఆ మాట చెప్పేదెవరు?

కొన్న లైసెన్సులకి మించి వాడుతున్నామేమో అమ్మినవాళ్లు తనిఖీ చేయవచ్చనే ఆడిట్ షరతు కూడా ఇలాంటిదే. నాకు తెలిసిన ఒక సంస్థలో, ఉన్న సర్వర్ పాడైతే అక్కరకొస్తుందని అదే సాఫ్ట్‌వేర్‌ని ఇంకో మెషీన్‌లో వేసి ఉంచారు. దాన్ని ఒక్కరోజు కూడా వాడలేదు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు దాన్నీ లెక్కలో వేశారు. ఇన్‌స్టాల్ చేసిన ప్రతి కాపీకీ లైసెన్సు ఉండాలని ఒప్పందంలో ఎక్కడో లోపల ఉంది మరి.

ఓపెన్ సోర్స్, అంటే సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) అందరూ వాడుకునేలా, మార్చుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్, తీసుకుంటే ఈ బాధలేవీ ఉండవంటారు. సొంత వాడకానికి అది చాలావరకు నిజం. అయితే జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్న కోడ్ కలిపిన ఉత్పత్తిని బయట అమ్మేవాళ్లు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఎంఐటీ, అపాచీ అనే ఇతర ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఆ నిబంధన లేదు. పైగా లైసెన్సు మారిపోవచ్చు. 2023 ఆగస్టులో హాషీకార్ప్ అనే సంస్థ, సర్వర్లని, క్లౌడ్ సేవల్ని కోడ్‌తో ఏర్పాటుచేసే తన టెర్రాఫామ్ సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పించింది. పాత కోడ్ పాత లైసెన్సు కిందే ఉంది కాబట్టి దాన్నుంచి ఓపెన్‌టోఫు అనే ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం పుట్టుకొచ్చింది. అలా నిలబెట్టేవాళ్లు అన్ని సాఫ్ట్‌వేర్లకీ దొరకరు.

ఇక బయటికి రావడం. చందా ఆపేశాక మన డేటా మనకి ఏ రూపంలో ఇస్తారు? ఇన్‌వాయిస్‌లన్నీ పీడీఎఫ్‌లుగా ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఏళ్ల తరబడి ఖాతాలని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి మనిషి కూర్చుని టైపు చేయాల్సిందే. ఆ భయంతోనే చాలామంది నచ్చకపోయినా కడుతూ పోతారు. చట్టంతో దీన్ని మార్చవచ్చు. ఐరోపా సమాఖ్య డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. క్లౌడ్ సేవ మార్చుకోవడానికి నోటీసు గడువు రెండు నెలలు మించకూడదని అందులో ఉంది. 2027 జనవరి 12 నుంచి అలా మారినందుకు రుసుము వసూలు చేయడమే కుదరదు.

నేనడిగే పేజీలో ఉండాల్సింది కొంచెమే. దేన్ని లెక్కపెడతారు, రెన్యువల్‌లో రేటు గరిష్ఠంగా ఎంత పెంచుతారు, చందా దానంతటదే కొనసాగేట్టయితే ఎన్ని రోజుల ముందు చెబుతారు, ఆడిట్‌లో తేడా వస్తే ఏం చేస్తారు, వెళ్లిపోయేటప్పుడు డేటా ఏ ఫార్మాట్‌లో ఎన్నాళ్లలో ఇస్తారు. పేజీలో ఉన్నదానికీ ఒప్పందానికీ తేడా వస్తే పేజీదే చెల్లాలి. ఈ చివరి మాట లేకపోతే మిగతాదంతా ఉత్త కాగితమే.

చట్టానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ప్రభుత్వ శాఖలు కొనే సాఫ్ట్‌వేర్‌కీ, చిన్న సంస్థలకి మీరిచ్చే సాయంతో కొనే సాఫ్ట్‌వేర్‌కీ ఈ పేజీని తప్పనిసరి చేయండి. అందుకు శాఖాపరమైన ఉత్తర్వు సరిపోతుంది. ముసాయిదా తయారుచేసేటప్పుడు అమ్మేవాళ్లనే కాకుండా, నెలనెలా బిల్లు కట్టే చిన్న సంస్థల వాళ్లని కూడా కూర్చోబెట్టుకోండి.

భవదీయుడు,
ఒక లైసెన్సుల సలహాదారు